దొంగ నొప్పులా, నిజం నొప్పులా? చెయ్యి పెట్టి చూసుకోండి

పద్నాలుగేళ్లుగా లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. అర్ధరాత్రి ఆటోలో వచ్చి, తెల్లారేసరికి నొప్పులు ఆగిపోయి వెనక్కి వెళ్లేవాళ్లను చూస్తే బాధేస్తుంది. "దొంగ నొప్పులేలే" అనుకుని ఇంట్లోనే ఉండిపోయేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

నొప్పి రాగానే పక్కకు తిరిగి పడుకుని, బొడ్డు పైన పొట్ట ఎత్తుగా ఉన్నచోట అరచెయ్యి ఆనించండి. ముక్కు కొనను ముట్టుకున్నట్టుంటే చిన్న నొప్పి. గడ్డంలా ఉంటే ఓ మాదిరి. నుదురులా, వేలితో నొక్కినా దిగకుండా ఉంటే బలమైన నొప్పి. మా సీనియర్ సిస్టర్ నేర్పిన ఈ కొలతే నేను ఇప్పటికీ వాడతాను.

తర్వాత గడియారం. ఒక నొప్పి మొదలైనప్పటి నుంచి మరో నొప్పి మొదలయ్యేదాకా లెక్కపెట్టి కాగితం మీద రాయండి. నీళ్లు తాగి కాసేపు నడవండి. తగ్గిపోతే దొంగ నొప్పులే. నడుం నుంచి ముందుకు చుట్టుకుంటూ, దగ్గరదగ్గరగా వస్తూ బలపడితే నిజం నొప్పులు.

నెలలన్నీ గర్భసంచిని కుదురుగా ఉంచేది ప్రొజెస్టరాన్ అనే హార్మోన్. నెలలు నిండేసరికి దాని పట్టు సడలి, మరో హార్మోన్ ఈస్ట్రోజన్‌ది పైచేయి అవుతుంది, గర్భసంచి కండరం నొప్పులు తెప్పించే హార్మోన్ ఆక్సిటోసిన్‌కి బాగా స్పందిస్తుంది. బిడ్డ తల కిందికి ఒత్తేకొద్దీ ఆక్సిటోసిన్ ఇంకా ఊరుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. అందుకే నిజం నొప్పులు నడిచినా ఆగవు.

తొలి కాన్పుకు ఐదు నిమిషాలకోసారి, నిమిషం చొప్పున, గంటసేపు వస్తుంటే బయల్దేరండి. రెండో కాన్పైనా, ఊరు దూరమైనా అంతదాకా ఆగొద్దు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, 37 వారాలు నిండకుండానే నొప్పులొచ్చినా లెక్కలు మానేసి 108కి ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్లకో మాట: నొప్పులు పడుతున్నామెను టెన్షన్ పెట్టకండి. భయంతో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరిగితే నొప్పులు మందగించవచ్చు. త్వరగా కావాలని ఇంటి దగ్గర నొప్పుల ఇంజక్షన్ అసలు చేయించొద్దు. ఆస్పత్రిలో అదే ఆక్సిటోసిన్‌ని సెలైన్‌లో చుక్కలు లెక్కపెట్టి, బిడ్డ గుండె చూసుకుంటూ ఇస్తాం. లెక్క తప్పితే గర్భసంచి చిరిగే ప్రమాదముంది.

కాన్పయ్యాక గంటలోపే బిడ్డకు ముర్రుపాలు పట్టండి. బిడ్డ చప్పరిస్తుంటే పొట్టలో మళ్లీ మెలిపెడుతుంది. అది ఆక్సిటోసిన్ పనే. గర్భసంచి ముడుచుకుని రక్తస్రావం తగ్గుతుంది. బొడ్డు దగ్గర చెయ్యి పెడితే గట్టి బంతిలా తగలాలి. మెత్తగా ఉండి ప్యాడ్ వెంటవెంటనే తడిసిపోతుంటే, ఏ వేళైనా సరే, సిస్టర్‌ని పిలవండి.