రెండో కిరాణం పెట్టాలనుకుంటే ముందు గోదాం చూసుకోండి

హన్మకొండ, వరంగల్, కాజీపేటలో పదేళ్ళ నుంచి కిరాణం బాగా నడుపుతున్నవాళ్ళు నలుగురు కలిస్తే మాట తిరిగి తిరిగి రెండో బ్రాంచి మీదికే వస్తుంది. ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టుబడి కావాలి, గల్లాలో ఎవరిని కూర్చోబెట్టాలి. నేను చెప్పేది ఒకటే: మడిగె వెతకడం కొన్నాళ్ళు ఆపి ముందు గోదాం చూసుకోండి, సొంత ప్యాకింగ్ మొదలుపెట్టండి. రెండు కొట్లకు వేర్వేరుగా సరుకు కొంటూ ఉంటే మీకు రెండింతల టెన్షన్ తప్ప రెండో కొట్టు వల్ల వచ్చే లాభం ఏమీ ఉండదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు, అమెరికాలో ఆసియా సరుకులు అమ్మే పెద్ద దుకాణాలు పెరిగిన తీరు చూస్తే తెలుస్తుంది. మన దగ్గర ఏ వీధిలో చూసినా అక్కడ పిల్లలున్న ఇళ్ళే కాబట్టి పటేల్ బ్రదర్స్ పేరు చాలామంది వినే ఉంటారు. మఫత్ పటేల్, తులసి పటేల్ అనే అన్నదమ్ములు 1974లో షికాగోలోని డెవాన్ అవెన్యూలో ఒక్క కొట్టుతో మొదలుపెట్టారు, ఇవాళ వాళ్ళవి యాభైకి పైగా ఉన్నాయి. కొరియా వాళ్ళ హెచ్ మార్ట్ 1982లో న్యూయార్క్‌లోని వుడ్‌సైడ్‌లో ఒక వీధి మూల కొట్టుగా పుట్టింది. తైవాన్ నుంచి వెళ్ళిన రోజర్ చెన్ 1984లో కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో, వియత్నాం వాళ్ళు ఎక్కువగా ఉండే పేటలో 99 రాంచ్ మార్కెట్ తెరిచారు. వీళ్ళు ముందు తమ సరుకు కొనే జనం ఎక్కడ స్థిరపడుతున్నారో అక్కడికి వెళ్ళి కొట్టు పెట్టారు. అంతకంటే ముఖ్యం, సరుకు తెప్పించే పనిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. పటేల్ కుటుంబం 1991లో రాజా ఫుడ్స్ పెట్టి స్వాద్ పేరుతో పప్పులు, పిండ్లు, మసాలాలు సొంతంగా ప్యాక్ చేసి అమ్మడం మొదలుపెట్టింది, ఆ ప్యాకెట్లు వేరేవాళ్ళ ఇండియన్ కొట్లలో కూడా దొరుకుతాయి. పోటీ కొట్టువాడు కూడా మీ ప్యాకెట్ అమ్ముతున్నాడంటే మీ కొనుగోలు ఎంత గట్టిగా ఉందో ఆలోచించండి.

ఇప్పుడు మన ఊరి లెక్కకు వద్దాం. సబ్బులు, బిస్కెట్లు, షాంపూలు, టీ పొడి లాంటి కంపెనీ సరుకు మీద మీకు ఎంత మిగలాలో కంపెనీ ముందే రాసిపెట్టింది, పైగా డీమార్ట్ దాన్ని ఎమ్మార్పీ కంటే తక్కువకు ఇస్తుంది. ఆ సరుకులో ధర పోటీకి దిగకండి. అవి కొట్లో ఉండాలి, ఎందుకంటే అవి లేకపోతే గిరాకీ రాదు, కానీ మీ లాభం వాటి మీద ఆధారపడకూడదు. మీరు గెలవగలిగేది మిర్చిపొడి, పసుపు, ధనియాల పొడి, చింతపండు, పల్లీలు, కందిపప్పు, బియ్యం మీద. ఉత్తర తెలంగాణలో ఉన్నవాళ్ళకు ఈ విషయంలో దేశంలో చాలామందికి లేని వసతి ఉంది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వస్తుంది, నిజామాబాద్ పసుపుకు పేరున్న మార్కెట్, కరీంనగర్, పెద్దపల్లి వైపు రైస్ మిల్లులు ఉన్నాయి. ఇంత దగ్గర పెట్టుకుని హైదరాబాద్ బ్రాండ్ మిర్చిపొడి ప్యాకెట్ అమ్ముకుంటూ కూర్చోవడం నాకు బాధగా ఉంటుంది.

ప్యాకింగ్ దేనితో మొదలుపెట్టాలి అంటే పొడులతోనే. కారణం పన్ను. పప్పు, బియ్యం విడిగా తూచి అమ్మితే జీఎస్టీ లేదు, అదే ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసి 25 కిలోల లోపు అమ్మితే 5 శాతం పడుతుంది. 2022 జులైలో ఈ నిబంధన వచ్చాకే మార్కెట్లో 26 కిలోల బియ్యం బస్తాలు కనిపించడం మొదలైంది. మిర్చిపొడి, పసుపు, ధనియాల పొడి మీద మాత్రం విడిగా అమ్మినా ప్యాకెట్లో అమ్మినా అదే 5 శాతం, కాబట్టి ప్యాక్ చేయడం వల్ల కొత్తగా నష్టపోయేది లేదు, పైగా పట్టించడం వల్ల వచ్చే విలువ మీకే మిగులుతుంది. పప్పును కొన్నాళ్ళు గిరాకీ కళ్ళెదుటే విడిగా తూచి ఇవ్వండి, అమ్మకం పెరిగి ప్యాకెట్ అడగడం మొదలయ్యాక లెక్క వేసుకుని మారండి.

మిర్చి కొనడానికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం, సరుకు బాగా దిగుతుంది. రంగుకు చపాటా రకం, కారానికి తేజ రకం. వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇక్కడి రైతు పండించిన సరుకు అది, ప్యాకెట్ మీద ఆ పేరు రాయాలంటే మాత్రం లోపల నిజంగా అదే ఉండాలి, గుర్తింపు ఉన్న పేరు వాడుకోవడానికి విడిగా అనుమతి కూడా తీసుకోవాలి. మార్కెట్ యార్డులో మంచి అడ్తిదారును, అంటే కమీషన్ ఏజెంటును పట్టుకోండి, మీరే వెళ్ళి కాయ విరిచి చూడండి, తడి ఉన్న బస్తా ఎంత తక్కువకు వచ్చినా వదిలేయండి. ఏడాదికి సరిపడా ఒకేసారి కొనే డబ్బు లేకపోతే నాలుగు నెలలకు కొనండి. అప్పు తెచ్చి మిర్చి నిల్వ చేయడం వ్యాపారుల ఆట, కిరాణం వాళ్ళది కాదు.

గోదాం అంటే పెద్ద షెడ్ అక్కర్లేదు. కొట్టుకు దగ్గర్లో, ట్రాలీ ఆటో లోపలికి వచ్చే సందులో, చెమ్మ లేని గది చాలు. బస్తాలు నేల మీద పెట్టకుండా కింద చెక్కలు వేయాలి, గోడకు జానెడు ఎడం వదలాలి, పాత బస్తా ముందు, కొత్తది వెనక. వానాకాలంలో పురుగు పట్టేది ఇక్కడే, కాబట్టి వారానికోసారి బస్తాలు కదిలించి చూసే మనిషి ఒకరు ఉండాలి. ఒక సీలింగ్ మిషన్, ఒక ఎలక్ట్రానిక్ కాంటా, ఒక జల్లెడ. కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ప్రతి ఏడాది వేయించాలి. ప్యాకెట్ మీద సరుకు పేరు, ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, ప్యాక్ చేసిన నెల, ఏడాది, ఎమ్మార్పీ, కిలో లోపు ప్యాకెట్ అయితే గ్రాము లెక్కన, కిలో దాటితే కిలో లెక్కన ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఎంతకాలం వాడొచ్చో, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు నంబరు ఉండాలి. కొట్టుకు ఆ లైసెన్సు ఉంది కదా అని ఊరుకోవద్దు, ప్యాకింగ్ చేసే చోటుకు, ఆ పనికి విడిగా తీసుకోవాలి. కొత్త కొట్టుకు మళ్ళీ ఇంకొకటి. పేరు చిన్నగా, చదవడానికి తేలికగా పెట్టుకోండి, ట్రేడ్‌మార్క్ దరఖాస్తు మొదట్లోనే వేయండి.

ఈ ప్యాకెట్లు మొదటి కొట్లో ఆరు నెలలు అమ్మండి. అదే గిరాకీ మళ్ళీ వచ్చి అదే పొడి అడుగుతోందా అన్నదే చూడాల్సింది. అడగకపోతే రెండో కొట్లో కూడా అడగరు.

ఇది కుదిరాక రెండో మడిగె లెక్క ఎలా మారుతుందో చూడండి. అద్దె 25 వేలు, ఇద్దరు పనివాళ్ళకు 26 వేలు, కరెంటు, ఆటో, చిల్లర ఖర్చులు 14 వేలు అనుకుందాం, మొత్తం నెలకు 65 వేలు. అమ్మకం మీద సగటున 10 శాతం మిగిలితే నెలకు ఆరున్నర లక్షలు, అంటే రోజుకు దాదాపు 22 వేలు అమ్మితేనే ఖర్చు తేలుతుంది. సొంత సరుకు వల్ల ఆ మిగులు 13 శాతానికి వస్తే నెలకు 5 లక్షలు చాలు, రోజుకు 17 వేల లోపే. కొత్త పేటలో మొదటి ఏడాది రోజుకు ఐదు వేల తేడా అంటే నిలబడటానికీ షట్టర్ దించడానికీ మధ్య తేడా. అంకెలు మీవి వేసుకోండి, లెక్క ఇదే.

జీఎస్టీ ఇంకోటి. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్ళకు కూడా ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు, చాలా రాష్ట్రాల్లో ఉన్న 40 లక్షల పరిమితి మనకు లేదు. మీరు కాంపోజిషన్‌లో, అంటే మొత్తం అమ్మకం మీద చిన్న శాతం కట్టే చిన్న వ్యాపారుల పద్ధతిలో ఉంటే, రెండు కొట్ల అమ్మకం కలిపే చూస్తారు, పరిమితి కోటిన్నర. మొదటి కొట్టు రోజుకు 30 వేలు, రెండోది 15 వేలు అమ్మినా ఏడాదికి కోటీ 60 లక్షలు దాటుతుంది. అంటే రెండో కొట్టు తెరిచిన ఏడాదే మామూలు జీఎస్టీకి మారాల్సి రావచ్చు, ప్రతి బిల్లూ కంప్యూటర్లో పడాలి. దీనికి ఆరు నెలల ముందే మొదటి కొట్లో బార్‌కోడ్ బిల్లింగ్ అలవాటు చేయండి. ఒకే రాష్ట్రం కాబట్టి కొత్త నంబరు అక్కర్లేదు, ఉన్న నంబరుకే రెండో చిరునామా చేర్పిస్తే సరిపోతుంది. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, లేబర్ శాఖ రిజిస్ట్రేషన్ కొత్త చిరునామాకు విడిగా తీసుకోండి.

పెట్టుబడికి కేంద్రం ముద్ర లోన్లలో తరుణ్ కింద తాకట్టు లేకుండా 10 లక్షల దాకా ఇస్తారు, అది సరిగ్గా కట్టినవాళ్ళకు తరుణ్ ప్లస్ కింద 20 లక్షల దాకా ఉంది. బ్యాంకు వాళ్ళు చూసేది మీ ఖాతాలో తిరిగిన డబ్బు, కాబట్టి నగదు కూడా రోజూ ఖాతాలో వేయండి. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చి కొట్టు తెరవొద్దు.

చోటు విషయానికి వస్తే, ఇళ్ళు కొత్తగా కడుతున్న వైపు చూడండి. కరీంనగర్ రోడ్డు మీద భీమారం, హసన్‌పర్తి వైపు, హైదరాబాద్ రోడ్డు మీద మడికొండ వైపు, హంటర్ రోడ్డు. గోదాం నుంచి ట్రాలీ ఆటో అరగంటలో చేరాలి, రోజుకు రెండుసార్లు పోయి రావాలి, అప్పుడు కొత్త కొట్లో సరుకు నింపి డబ్బు ఇరికించాల్సిన పని ఉండదు. బావమరిది ఉన్నాడు కదా అని కరీంనగర్‌లో రెండో కొట్టు పెట్టకండి, డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉన్నది బ్రాంచి కాదు, ఇంకో వ్యాపారం. కేయూ (కాకతీయ యూనివర్సిటీ) దగ్గర, నిట్ కాలేజీ దగ్గర అయితే గదుల్లో ఉండే పిల్లలు, వాళ్ళు పావుకిలో, వంద గ్రాములు కొంటారు, కొరియన్ నూడుల్స్, సోయా సాస్ అడుగుతారు, నెల సరుకు చిట్టీ రాదు. రేషన్ కార్డుల ఇళ్ళు ఎక్కువున్న పేటలో బియ్యం మీద ఆశ పెట్టుకోవద్దు, 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ప్రభుత్వమే ఇస్తోంది. అక్కడ నూనె, పప్పు, పొడులు చూసుకోండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ మడిగె ఎదురుగా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా నిలబడండి, మామూలు రోజు ఒకసారి, ఆదివారం ఒకసారి, జీతాలొచ్చే వారంలో ఒకసారి. ఆడవాళ్ళు నడిచి వెళ్ళే దారా, బండ్లు దూసుకుపోయే దారా చూడండి. నాకైతే రెండోదాని మీద నమ్మకం లేదు, ఎంత వెడల్పు రోడ్డైనా సరే.

ఉద్దెర సంగతి గట్టిగా చెప్పాలి. మొదటి కొట్లో ఎవరి ముఖం చూసి ఎంత ఇవ్వాలో మీకు తెలుసు, పత్తి అమ్మాక ఇస్తాడు, మిర్చి అమ్మాక ఇస్తాడు అని ఆ ఇంటి పంట కూడా మీకు తెలుసు. రెండో కొట్లో కూర్చున్న కుర్రాడికి అది తెలియదు. అక్కడ మొదటి రోజు నుంచి ఉద్దెర పుస్తకమే పెట్టకండి, ఎవరైనా అడిగితే సేటుతో మాట్లాడమని చెప్పించండి, మీరే నిర్ణయించి ఫోన్లో చెప్పండి. పరకాల, నర్సంపేట లాంటి ఊళ్ళలో పెట్టాలంటే ఉద్దెర లేకుండా కుదరదు, అందుకే అవి రెండో కొట్టుకు సరైన చోట్లు కావని నా అభిప్రాయం, మూడోదానికో నాలుగోదానికో చూడొచ్చు.

కొత్త కొట్లో కొత్తవాడిని కాకుండా పాత కొట్లో మీతో పనిచేసిన మనిషిని పంపండి, పాత కొట్లోకి కొత్తవాడిని తెచ్చి మీ కళ్ళముందు నేర్పండి. ఆ పాత మనిషికి జీతంతో పాటు ఆ కొట్టు లాభంలో కొంత వాటా రాసి ఇవ్వండి, నోటిమాటగా కాదు. క్యూఆర్ కోడ్ రెండింటికీ వేర్వేరుగా ఉండాలి, రాత్రి గల్లా, ఫోన్‌పే, బిల్లుల మొత్తం మూడూ సరిపోయాకే షట్టర్ దించాలి. నెలకోసారి నూనె, నెయ్యి, జీడిపప్పు, సిగరెట్లు లెక్కపెట్టండి, తరుగు ఎక్కువగా కనిపించేది వీటిలోనే.

పండగల సరుకు గోదాం నుంచే నడపాలి. సద్దుల బతుకమ్మకు నువ్వులు, పల్లీలు, బెల్లం. సంక్రాంతికి సకినాల కోసం బియ్యప్పిండి, నువ్వులు, వాము. మేడారం జాతర రెండేళ్ళకోసారి, మొక్కు బంగారం అంటే బెల్లమే కాబట్టి ములుగు రోడ్డు వైపు కొట్టున్నవాళ్ళకు ఆ రెండు వారాలు వేరే లోకం. బెల్లం ముందే మాట్లాడుకోండి కానీ మిగిలేంత తేవద్దు, చెమ్మకు కారిపోతుంది.

మడిగె అగ్రిమెంట్ పదకొండు నెలలకు రాసి ఊరుకోకండి. కనీసం మూడేళ్ళకు రిజిస్టర్ చేయించుకోండి, మూడు నెలల నోటీసుతో మీరు ఖాళీ చేయొచ్చని, అడ్వాన్సు అప్పుడే తిరిగివ్వాలని అందులో రాయించండి. ఏడాది తర్వాత కూడా ఖర్చు తేలకపోతే ర్యాకులు, ఫ్రిజ్‌లు విప్పి ఇంకో పేటకు మార్చండి. సరుకు గోదాంలోనే ఉంటుంది, మనిషి మీ దగ్గరే ఉంటాడు, మారేది అద్దె చిరునామా ఒక్కటే.