‘అబాండన్’ దాటి ముందుకు

చైనీస్ విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో, అందరికీ బాగా గుర్తున్న మాట ఏమిటని అడిగాను. క్లాసంతా ఒక్కసారిగా ‘అబాండన్’, అంటే వదిలేయడం, అని నవ్వింది. వాళ్లు బట్టీ పట్టే పదాల పుస్తకాలు చాలావాటిలో అక్షరక్రమంలో ముందుగా కనబడేది అదే. వదిలేయడంతో మొదలుపెట్టి అక్కడే వదిలేశాం అన్నది వాళ్ల పాత జోకు.

మాటలు తక్కువై కాదు వాళ్ల ఇబ్బంది. విశ్వవిద్యాలయ ప్రవేశానికి గావ్‌ఖావ్ పరీక్ష రాసేనాటికే సుమారు 3,500 మాటలు చదివి ఉంటారు. ఆ పైన కాలేజీలో ఇంగ్లీషుకు నాలుగో స్థాయి, ఆరో స్థాయి పరీక్షలు ఎలాగూ ఉన్నాయి. చిక్కల్లా ఒక్కో ఇంగ్లీషు మాట పక్కన ఒక్కో చైనీస్ మాట రాసుకుని సరిపెట్టుకోవడంలోనే. అందుకని, ఇలాంటి విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పేవాళ్లయితే, మీరు వాళ్ల చేతిలో ఇంకో జాబితా పెట్టకండి. చైనీస్ మాట నుంచే బయలుదేరండి.

‘థీగావ్’ అనే క్రియ ఉంది. పెంచడానికీ మెరుగుపరచడానికీ అదే. నా విద్యార్థిని ఒకామె జీతాన్ని ‘ఇంప్రూవ్’ చేయమని యజమానికి ఉత్తరం రాసింది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, నోటుబుక్కు పేజీ మధ్యలో థీగావ్ అని రాయించాను. నాలుగు మూలల్లో ఇంప్రూవ్, రెయిజ్, ఇంక్రీజ్, ఎన్‌హాన్స్. అర్థాలు రాయకూడదు. ఆ క్రియ పక్కన ఇమిడే నామవాచకాలు మాత్రమే, అవీ తను చదివిన వాక్యాల్లో దొరికినవే రాయాలి. ఇంప్రూవ్ కింద నైపుణ్యం, నాణ్యత, ఆరోగ్యం చేరాయి. రెయిజ్ కింద ధర, గొంతు, అవగాహన. ఇంక్రీజ్ కింద సంఖ్య, వేగం. ఎన్‌హాన్స్ కింద ప్రతిష్ఠ, రుచి. జీతం రెండు మూలల్లో కనిపించింది కానీ ఇంప్రూవ్ దగ్గర లేదు. అది తనే కనిపెట్టి ఉత్తరం దిద్దుకుంది. గంట పట్టింది. వారానికి ఇలాంటి పేజీలు రెండు చాలు. తర్వాత ‘ఖాన్’ తీసుకోండి. చూడటమూ అదే, పుస్తకం చదవడమూ అదే. సీ, వాచ్, రీడ్ ఎక్కడివక్కడ సర్దుకున్నాక గ్లాన్స్ (అలా ఓసారి చూడటం), గేజ్ (తదేకంగా చూడటం), స్కిమ్ (పైపైన చదవడం) లాంటివాటికి చోటు దానంతటదే దొరుకుతుంది.

పొడవాటి లాటిన్ మాటలంటే వాళ్లకు బెరుకు. వాళ్ల భాషలో కంప్యూటర్ అంటే ‘విద్యుత్ మెదడు’, సినిమా అంటే ‘విద్యుత్ నీడ’. మాట విప్పితే అర్థం బయటపడుతుంది. ఇక్కడ వాళ్ల చేతిలో ఉన్న పనిముట్టునే వాడండి: బూషౌ, అంటే చైనీస్ అక్షరం ఏ కోవకు చెందిందో చెప్పే భాగం. 1716 నాటి కాంగ్‌షీ నిఘంటువు వీటిని 214గా లెక్కపెట్టింది. ఎడమ పక్కన మూడు నీటి చుక్కలు కనబడితే నదో, సరస్సో, సముద్రమో అని పిల్లలు కూడా ఊహిస్తారు. చూడటం అనే అర్థమున్న లాటిన్ ముక్క ‘స్పెక్ట్’ కూడా అలాంటి బూషౌ అని చెప్పండి. ఇన్‌స్పెక్ట్ లోపలికి చూపు, ప్రాస్పెక్ట్ ముందుకు, రెట్రోస్పెక్ట్ వెనక్కి. మరి రెస్పెక్ట్‌లో చూపు ఎక్కడుందని ఎవరో ఒకరు నిలదీస్తారు. చట్టం అనే అర్థమున్న చైనీస్ అక్షరంలో నీళ్లు ఎక్కడున్నాయని తిరిగి అడగండి. అందులోనూ ఆ మూడు చుక్కలే!

మాటకుండే వాసన మాత్రం ఏ పేజీలోనూ పట్టదు. ‘ష్వెన్‌చ్వాన్’ అనే చైనీస్ మాటకు నిఘంటువులు ప్రాపగాండా అంటాయి. చైనీస్‌లో అది మామూలు ప్రచారం, ఇంగ్లీషులో తిట్టుకు దగ్గర. చైనా కమ్యూనిస్టు పార్టీలో ఆ పని చూసే విభాగమే ఇంగ్లీషులో తన పేరు పబ్లిసిటీ డిపార్ట్‌మెంట్ అని రాసుకుంటోంది. ఇలాంటివి ఎదురైనప్పుడల్లా వాక్యంతో సహా రాయించండి.

ఇక మార్కుల కోసం చిన్న మాట తీసేసి పెద్ద మాట పెట్టే అలవాటు. ‘మెనీ’ కనబడితే చాలు, ‘ప్లెథొరా’ దిగిపోతుంది. దానికి ఉత్త చాలా అని కాదు, మితిమీరిందనే ఛాయ కూడా ఉంది. కోర్సు ముగిసిన రోజు ఒకాయన, నేను ప్లెథొరా కొద్దీ సాయం చేశానని చక్కటి దస్తూరీతో రాసి ఇచ్చాడు. ఇక చాలించమన్నాడేమోనని ఇప్పటికీ అనుమానం.