డాలియా దుంపలు గ్యారేజీలో పెట్టకండి

సంక్రాంతికి గుంటూరు వచ్చాను. భోగి మంట దగ్గర చలి కాగుతుంటే అమెరికాలో నేనుండే మిన్నియాపొలిస్ నుంచి ఫోను. పోయినేడు అక్కడికొచ్చిన మన బ్రాడీపేట కుర్రాడు. "అన్నా, చలికాలానికని దాచిన డాలియా పూలమొక్కల దుంపలు పట్టుకుంటే జావలా కారిపోతున్నాయి." ఎక్కడ పెట్టావురా అంటే, గ్యారేజీలోనట. "గ్యారేజీ కూడా ఇంట్లోదే కదన్నా?"

కాదు నాయనా. బయట మైనస్ 20 ఉంటే హీటర్ లేని గ్యారేజీలో బకెట్టు నీళ్ళూ గడ్డకడతాయి. దుంపలో ఉన్నది చాలావరకు నీరే. గడ్డకట్టి కరిగిందా, ఇక కుళ్ళే. అక్టోబరులో రెండుసార్లు చెప్పాను, వింటేగా!

నా ఘనకార్యం ఇంకా పెద్దది. దుగ్గిరాల వైపు పుట్టి, పసుపూ కందా చూస్తూ పెరిగినవాణ్ణి. నేలలో ఉన్న దుంపకేమవుతుందిలే అని అక్కడ మొదటేడు తవ్వనే లేదు. వసంతంలో పార వేస్తే ముద్ద వచ్చింది, కంపుతో సహా. రెండో ఏడు తవ్వి బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన పెట్టాను. వరుగుల్లా ఎండిపోయాయి. 4 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే మూల వెతుక్కోండి. ఫర్నేస్‌కి దూరంగా, బయటి గోడ వారన చూడండి. చిన్న థర్మామీటరు పెట్టండి, చేత్తో తడిమి అంచనాలు వేయకండి.

మంచు కొట్టి ఆకు నల్లబడ్డాక కాడలు జానెడు ఉంచి కోసి, దుంపలు తవ్వి, మట్టి దులిపి, నీడన ఆరనివ్వండి. తర్వాత ఓ మోస్తరు చెమ్మ ఉన్న పీట్ మాస్‌లో, అంటే కుళ్ళిన నాచు పొడిలో, అట్టపెట్టెలో పెట్టండి. నెలకోసారి మూత తీసి చూడాలి. మెత్తబడ్డది పారేయాలి, ముడతపడితే కాసిని నీళ్ళు చిలకరించాలి. పండక్కి ఊరొచ్చేవాళ్ళు ఈ పని నమ్మకస్తుడికి అప్పజెప్పి రండి. నా పెట్టె చూడమని తాళం ఇచ్చింది ఈ కుర్రాడికే.

దుంపల గుత్తి విడదీసేటప్పుడు కందముక్కకు మొలక చూసుకున్నట్టే చూసుకోవాలి. ఎంత లావు దుంపైనా మెడ దగ్గర కన్ను లేకపోతే మొలవదు.

ఏప్రిల్‌లో ఒకరోజు ఎండ కాసిందని నాటేయకండి. మే మూడో వారం దాకా ఆగండి. మొలక కనబడేదాకా నీళ్ళు వద్దు. మన చేతులు ఊరుకోవు, తెలుసు. మొక్క అడుగెత్తయ్యాక తల తుంచాలి. ప్రాణం ఒప్పదు గానీ తుంచితేనే కొమ్మలు. కర్రలు కట్టడం, నత్తలు ఏరడం మీకు చెప్పేదేముంది.

ఇక్కడ చలికాలంలో పూసేది అక్కడ ఆగస్టులో పూస్తుంది. మల్లెల్లా మొగ్గ కోస్తే విచ్చదు. బాగా విచ్చుకున్నాకే, పొద్దున్నే కొయ్యండి. నీళ్ళలో నాలుగైదు రోజులుంటే గొప్ప.

ఒరేయ్, నీ దుంపలు పోతే పోయాయి. వసంతంలో దుకాణాల్లో మళ్ళీ పెడతారు. నాకూ మూడో ఏటికి గానీ పట్టుబడలేదు. అప్పటిదాకా మే చివర్లో జిన్నియా గింజలు చల్లుకో, దాచే బాధే లేదు. వినాయక చవితికి నీ పెరటి పూలే పెడతావులే. ముందు మా ఇంటికెళ్ళి ఆ పెట్టె మూత తియ్యి.