ఆర్కేడ్ స్టిక్ ఎంచుకోవడం – మూడో పాఠం: అడుగు పలక విప్పి చూద్దాం

ఆర్కేడ్ స్టిక్ అంటే వీడియో గేమ్ షాపుల్లోని మెషీన్లలా కర్ర, బటన్లతో ఆడే కంట్రోలర్. పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. మీరు ఎక్కువగా ఆడే మూడు గేముల పేర్లు కాగితం మీద రాయమన్నాను. ఆడాలని ఆశపడేవి కాదు, నిజంగా రోజూ ఆడేవి. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఒక స్టార్ స్క్రూడ్రైవర్, దొరికితే బీప్ కొట్టే మల్టీమీటర్, స్క్రూలు వేసుకోవడానికి ఒక గిన్నె కూడా తెచ్చుకోండి. గిన్నె ఎందుకని నవ్వకండి. మంచం కిందికి దొర్లిపోయిన స్క్రూ కోసం నేను అరగంట టార్చిలైటు వేసి వెతికాను.

ఇవాళ చేసేది ఒకటే పని: స్టిక్‌ను బోర్లా తిప్పి, అడుగు పలక తీసి, లోపల ఏముందో గుర్తుపట్టడం. పాతది కొనబోతుంటే అమ్మేవాళ్లను లోపలి ఫొటో అడగండి. ఇవ్వనంటే ఆ బేరం వదిలేయండి. కొత్తదైతే వారంటీ సీలు చింపొద్దు. పేరున్న మోడళ్లు చాలావాటికి లోపలి ఫొటోలు ఎవరో ఒకరు పెట్టే ఉంటారు, అవి చాలు.

పైనుంచి చూస్తే అన్ని స్టిక్కులూ ఒకేలా ఉంటాయి. ఒక డబ్బా, ఒక కర్ర, దాని మీద గుండ్రటి ఉండ, ఆరో ఎనిమిదో బటన్లు. డబ్బా మీది బొమ్మ చూసి డబ్బులిచ్చేస్తాం. కానీ ఆట నడిచేది లీవర్‌తో (అంటే ఆ కర్ర, దాని కింది భాగం), బటన్లతో, ఒక చిన్న సర్క్యూట్ బోర్డుతో. వీటిలో లీవర్, బటన్లు తర్వాతైనా మార్చుకోవచ్చు. బోర్డు తేడా వస్తే మాత్రం మొత్తం డబ్బా షెల్ఫులో బొమ్మలా మిగిలిపోతుంది. అందుకని ఈ పాఠంలో సగం బోర్డు గురించే.

ముందు లీవర్.

పలక తీయగానే మధ్యలో నల్లటి చతురస్రపు ప్లాస్టిక్ ప్లేటు, పక్కన ఒకే సాకెట్‌లోకి వెళ్లే ఐదు తీగల కట్ట కనిపిస్తే అది చాలావరకు జపాన్ కంపెనీ సాన్వా తయారుచేసే జేఎల్ఎఫ్, లేదా దాని నకలు. గత పదిహేనేళ్లలో వచ్చిన మంచి స్టిక్కులు చాలావాటిలో ఉండేది ఇదే. తేలిగ్గా కదులుతుంది, కాస్త ఎక్కువ దూరం వంగుతుంది. ఇంకో జపాన్ కంపెనీ సైమిట్సు. దాని ఎల్ఎస్-32 కొంచెం గట్టిగా ఉంటుంది, తక్కువ కదలికకే దిక్కు పడుతుంది. విమానం నడుపుతూ తూటాల మధ్య సందుల్లోంచి దూరే షూటింగ్ గేములవాళ్లు దీన్నే ఇష్టపడతారు. వెంట్రుకవాసి జరపాల్సిన చోట చేతి కింద ఆ బిగువు కావాలి మరి.

నాలుగు దిక్కులకూ ఉండే నాలుగు స్విచ్చులు విడివిడిగా, ఒక్కోదానికి వేరే తీగలతో ఉండి, పైన ఉండకు బదులు పొడవాటి పిడి ఉంటే అది అమెరికా పద్ధతి, అక్కడివాళ్లు హ్యాప్ అని పిలిచే రకం. ఆ పద్ధతి భాగాలకు లోతైన డబ్బా కావాలి. కొరియా లీవర్లు మరో దారి. వాటిలో స్ప్రింగు ఉండదు, కర్రను మధ్యకు తెచ్చేది ఒక రబ్బరు ముక్క. వదలగానే టక్కున నడిమికి వస్తుంది. టెక్కెన్ అనే ఫైటింగ్ గేములో వెనక్కి వెనక్కి వేగంగా కదలాలనుకునేవాళ్లు దీని కోసం ప్రాణం పెడతారు. మీ కాగితంలో టెక్కెన్ లేకపోతే ఇప్పుడు దీని జోలికి వెళ్లొద్దు.

ఇక్కడ ఒక అభ్యాసం చేద్దాం. కన్సోల్ (టీవీకి పెట్టి ఆడే గేమ్ మెషీన్) ఆపేసి, స్టిక్‌ను ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకోండి. లీవర్‌ను మెల్లగా కిందికి, అక్కడినుంచి కింద-ముందు మూలకు, అక్కడినుంచి ముందుకు జరపండి. స్ట్రీట్ ఫైటర్ అనే ఫైటింగ్ గేములో హడోకెన్ అనే దెబ్బకు చేసే కదలిక ఇదే. ఎన్ని టిక్కులు వినిపించాయి? మూడు రావాలి. కింద స్విచ్ పడింది, ఒకటి. మూలలో ముందు స్విచ్ కూడా పడింది, రెండు. ముందుకు వచ్చేటప్పుడు కింద స్విచ్ వదిలింది, మూడు. లీవర్ వదిలేస్తే నాలుగోది. కాస్త అభ్యాసం కాగానే చెవికే తెలిసిపోతుంది. పాత స్టిక్‌లో ఏదో ఒక దిక్కున టిక్కు మెత్తగా వచ్చినా, అసలు రాకపోయినా, అక్కడి స్విచ్ అరిగిందని అర్థం. బేరం ఆడటానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

ఆ నల్ల ప్లేటునే గేటు అంటారు. లీవర్ ఎక్కడిదాకా వంగాలో హద్దు గీసేది అదే. చతురస్రపు గేటులో నాలుగు మూలలూ ఐమూలలే. ఎనిమిది కోణాల గేటులో ప్రతి దిక్కుకూ ఒక గాడి దొరుకుతుంది. గుండ్రటిదాంట్లో ఏ గాడీ ఉండదు. కొత్తవాళ్లు చతురస్రం మూలల్లో లీవర్ ఇరుక్కుపోతోందని టెన్షన్ పడి వెంటనే ఎనిమిది కోణాలది కొంటారు. నా మాట వినండి, నెల రోజులు ఆగండి. స్విచ్ గేటుకు తగలకముందే పడుతుంది, గోడను గుద్దేదాకా తొయ్యాల్సిన పనిలేదు. ఇరుక్కుంటోందంటే మనం ఎక్కువ బలం పెడుతున్నామన్నమాట.

గేటు విషయంలో నిజంగా ఆలోచించాల్సింది పాత నాలుగు దిక్కుల గేములవాళ్లు. 1980లో వచ్చిన ప్యాక్-మ్యాన్, 1981 నాటి డాంకీ కాంగ్‌లకు ఐమూల అనేదే అక్కర్లేదు. ఎనిమిది దిక్కుల లీవర్‌తో ప్యాక్-మ్యాన్ ఆడితే మలుపు దగ్గర చెయ్యి కొంచెం ఐమూలగా పోయినా రెండు స్విచ్చులు ఒకేసారి పడతాయి, మనం అనుకున్న సందు దాటిపోతుంది. తప్పు వేళ్లదని తిట్టుకుంటాం. జేఎల్ఎఫ్‌లో గేటును 45 డిగ్రీలు తిప్పి బిగిస్తే వజ్రాకారం అవుతుంది, ఐమూలలు మూసుకుపోతాయి. పైసా ఖర్చు లేదు. మీ కాగితంలో ఇలాంటి గేము ఉంటే ఈ సౌకర్యం ఉన్న లీవర్ చూసుకోండి.

బటన్ల గురించి కొంచెమే చెబుతాను. జపాన్ పద్ధతిలో ఆడే బటన్లకు 30 మి.మీ. రంధ్రం, స్టార్ట్ వంటి చిన్నవాటికి చాలాచోట్ల 24 మి.మీ. అమెరికా బటన్ల రంధ్రం సుమారు 28 మి.మీ., అందులో జపాన్ బటన్ దూరదు. కొనేముందు స్కేలు పెట్టండి. సాన్వా బటన్లు ఎంత సున్నితమంటే వేలు ఆనించినా పడిపోతాయి. వేళ్లను బటన్ల మీదే వాల్చి కూర్చునే అలవాటు ఉంటే కాస్త గట్టివి చూసుకోండి.

బటన్ల సంఖ్యను మాత్రం కాగితం చూసి నిర్ణయించండి. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2కు మూడు గుద్దులు, మూడు తన్నులు, మొత్తం ఆరు బటన్లు కావాలి. నియో జియో అనే మెషీన్ గేములకు నాలుగు చాలు. తొంభైల్లో మన ఊళ్ల వీడియో గేమ్ షాపుల్లో రూపాయి బిళ్లలు వేసి ఆడిన కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 గుర్తుందా? అది నాలుగు బటన్ల గేమే. అదే షాపులో పక్క మెషీన్ మీద మనం 'ముస్తఫా' అని పిలిచిన గేము అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. దానికి కొట్టడానికొకటి, ఎగరడానికొకటి, రెండు చాలు. ఇలాంటి గేములే మీ కాగితంలో ఉంటే ఎనిమిది బటన్ల ఖరీదైన స్టిక్ మీద మోజు పెంచుకోవడం డబ్బు దండగ.

ఇప్పుడు బోర్డు. ముందు నా సంగతి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం తెలిసినవాళ్ల ద్వారా బయటి దేశం నుంచి ఒక స్టిక్ తెప్పించుకున్నాను. బరువైన డబ్బా, లోపల అసలైన సాన్వా భాగాలు, ఒక్క గీత లేదు. ఇంటికొచ్చి పీఎస్4కు (ప్లేస్టేషన్ 4) పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. అది పీఎస్3 కోసం చేసిన బోర్డు. తీగ చివర యూఎస్‌బీ ఉంది కదా, అన్నిటికీ పనిచేస్తుందని నేనే అనుకున్నాను. అమ్మినాయన అబద్ధమేమీ చెప్పలేదు, నేనే అడగలేదు.

పీఎస్3 మామూలు యూఎస్‌బీ స్టిక్కులను పెద్దగా ప్రశ్నించకుండా తీసుకునేది. పీఎస్4 నుంచి లెక్క మారింది. కన్సోల్ స్టిక్‌ను ఒక గుర్తింపు అడుగుతుంది, లోపలి చిప్ జవాబు చెప్పలేకపోతే కనెక్షన్ తెంచేస్తుంది. స్ట్రీట్ ఫైటర్ 5 వంటి కొన్ని గేములు పీఎస్4లో పాత పీఎస్3 స్టిక్కులకు లోపలికి దారి ఇచ్చాయి, కానీ అది ఆ గేములవాళ్లు చేసిన మేలు, కన్సోల్‌ది కాదు. పీఎస్5లోనూ ఇదే కథ. పీఎస్4 గేములకు పీఎస్4 స్టిక్ నడుస్తుంది, పీఎస్5 గేములు మాత్రం పీఎస్5 స్టిక్‌నే అడుగుతాయి. స్ట్రీట్ ఫైటర్ 6 లాంటి కొన్నిటికే మినహాయింపు. కొనేముందు మీ గేము ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

ఎక్స్‌బాక్స్ వాళ్లకు ఒక మంచి, ఒక చెడు. మంచి ఏమిటంటే ఎక్స్‌బాక్స్ వన్ స్టిక్ సిరీస్ ఎక్స్, ఎస్‌లలో పనిచేస్తుంది. చెడు ఏమిటంటే 2023 నవంబర్ నుంచి అనుమతి లేని పరికరాలను ఎక్స్‌బాక్స్ అడ్డుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు హాయిగా నడిచిన కొన్ని కన్వర్టర్లు (ఒక కన్సోల్ స్టిక్‌ను మరో కన్సోల్‌కు కలిపే పరికరాలు) ఆగిపోయాయి. ఎక్స్‌బాక్స్ కోసమైతే లైసెన్సు ఉన్న స్టిక్ తప్ప మరేదీ చూడకండి. నింటెండో స్విచ్ కాస్త ఉదారమైనది. వైరు స్టిక్ పెట్టినా స్పందన లేకపోతే సెట్టింగ్స్‌లో ప్రో కంట్రోలర్ వైర్డ్ కమ్యూనికేషన్ ఆన్ చేసి చూడండి. పీసీకి దాదాపు ఏదైనా సరిపోతుంది.

మరి బోర్డు మార్చుకోవచ్చా? ఆ సంగతి మీ మల్టీమీటర్ చెబుతుంది. జేఎల్ఎఫ్‌కు ఐదు తీగలే ఎందుకో ఆలోచించారా? నాలుగు దిక్కులకు నాలుగు, అన్నిటికీ ఉమ్మడిగా ఒక గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. బటన్లకూ అలాగే ఉమ్మడి గ్రౌండ్ ఉంటే కొత్త బోర్డు పెట్టడం సులువు. స్టిక్‌ను అన్నిటి నుంచి పీకేయండి. మీటరును బీప్‌కు పెట్టి, ఒక ముల్లును మొదటి బటన్ ఒక కాలికి, రెండోదాన్ని వరసగా మిగతా బటన్ల కాళ్లకు ఆనించండి. ఏ బటనూ నొక్కొద్దు. ప్రతి బటన్‌కూ ఒక కాలు దగ్గర బీప్ వస్తే గ్రౌండ్ ఉమ్మడి. రాకపోతే మొదటి బటన్ రెండో కాలితో మళ్లీ చూడండి. అప్పుడూ రాకపోతే బటన్లను అడ్డం-నిలువు వరసల్లో కలిపిన బోర్డు అయి ఉండొచ్చు. దానితో కుస్తీ వద్దు, వదిలేయండి.

ఉమ్మడి గ్రౌండ్ ఉంటే బ్రూక్ కంపెనీ బోర్డులు చాలా కన్సోళ్లకు ఒకేసారి పనిచేస్తాయి, కాకపోతే ధర ఎక్కువ. పీసీ, నింటెండో స్విచ్ చాలనుకునేవాళ్లకు కొన్ని వందల రూపాయల్లో దొరికే రాస్‌ప్‌బెర్రీ పై పికో అనే చిన్న బోర్డు మీద జీపీ2040-సీఈ అనే ఉచిత ఫర్మ్‌వేర్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించుకునే దారి ఉంది. టంకం వేయడం వస్తే ఒక ఆదివారం పని.

పాత కన్సోళ్ల సంగతి ఇంకో రకం. అక్కడ గుర్తింపు గొడవ లేదు, గొడవంతా ప్లగ్గుల్లోనే. 1990 నాటి నియో జియోకు 15 పిన్నుల సాకెట్, దానితోపాటే పెద్ద స్టిక్ ఇచ్చేవారు. ఆ స్టిక్ ఇప్పటికీ బాగుంటుంది, కానీ ధరలు ఆకాశంలో ఉన్నాయి. సెగా మెగా డ్రైవ్‌కు 9 పిన్నులు, పాత అటారికీ 9 పిన్నులే. ఆకారం ఒకటే, లోపలి తీగల వరస మాత్రం వేరు. కరెంటు వచ్చే పిన్ను కూడా రెండిటిలో ఒకచోట ఉండదు. దూరింది కదా అని ఒకదాని స్టిక్‌ను మరోదానికి పెట్టేసి ఆన్ చేయకండి. సెగా శాటర్న్ ప్యాడ్ మీద ముందువైపే ఆరు బటన్లు ఉండేవి, అందుకని దాని స్టిక్కులు ఫైటింగ్ గేములకు సహజంగా కుదురుతాయి. పాత కన్సోళ్లు రెండుమూడు ఉన్నవాళ్లు ఒక్కోదానికి ఒక స్టిక్ కొనకుండా మంచి భాగాలున్న ఒక స్టిక్, కన్సోల్‌కో కన్వర్టర్ పెట్టుకోవడం మేలని నా లెక్క.

కన్వర్టర్ వల్ల ఆలస్యం రాదా అని అడుగుతారు. వస్తుంది, ఎంతన్నదే ప్రశ్న. సెకనుకు 60 ఫ్రేముల గేములో ఒక ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. మంచి కన్వర్టర్ అందులో చిన్న ముక్క తింటుంది. మీ టీవీలో గేమ్ మోడ్ (ఆలస్యం తగ్గించే సెట్టింగు) ఆన్ చేయకపోతే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. స్టిక్ మీద డబ్బు పెట్టేముందు రిమోట్ తీసి అది చూడండి.

ఈ వారం పని: మీ కాగితంలో ప్రతి గేము పక్కన మూడు మాటలు రాయండి. దిక్కులు నాలుగా ఎనిమిదా, బటన్లు ఎన్ని, ఏ కన్సోల్. మూడు గేములకూ కుదిరే స్టిక్ ఒక్కటి దొరక్కపోతే, ఎక్కువ ఆడే గేముకు సున్నా చుట్టి, దాని పక్క మాటల ప్రకారమే స్టిక్ వెతకండి. చేతిలో ఇప్పటికే స్టిక్ ఉన్నవాళ్లు ఒక బటన్ తీగ మెల్లగా లాగి, వెనక లోహపు కాలు వెడల్పు కొలిచి పెట్టుకోండి. 2.8 మి.మీ. ఉంటే జపాన్ కొలత, 4.8 ఉంటే అమెరికా కొలత. నాలుగో పాఠంలో బటన్లు మార్చేటప్పుడు ఆ అంకె కావాలి.