కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాడి విలువను గణాంకాలతో ఎలా కొలవాలి?

‘మ్యాచ్‌కు 20 పాయింట్లు చేస్తున్నాడు, ఇంకేం కావాలి?’ అనే మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. క్రికెట్‌లో ఎవరైనా 50 పరుగులు చేశారంటే ‘ఎన్ని బంతుల్లో?’ అని వెంటనే అడుగుతాం. 25 బంతుల్లో చేసిన 50, 80 బంతుల్లో చేసిన 50 ఒకటి కావని బడిపిల్లలకు కూడా తెలుసు. అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న మరిచిపోతాం. ఇక్కడ బంతుల స్థానంలో పొసెషన్లు ఉంటాయి. బంతి జట్టు చేతికి వచ్చినప్పటి నుంచి ప్రత్యర్థి చేతికి వెళ్లే వరకు ఒక పొసెషన్. ఆటగాడు ఎన్ని పొసెషన్లు ఖర్చు చేసి ఎంత తెచ్చాడో తేల్చడమే మన పని.

కావలసినవి రెండే: ఒక స్ప్రెడ్‌షీట్, సీజన్ మొత్తం బాక్స్ స్కోర్లు (ప్రతి మ్యాచ్‌లో ఆటగాళ్లవారీ అంకెల పట్టికలు). స్పోర్ట్స్ రిఫరెన్స్ సైట్‌లో బాక్స్ స్కోర్లు దొరుకుతాయి. కనీసం 15 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు 15 నిమిషాలైనా ఆడనివారిని జాబితాలో చేర్చవద్దు. అంత తక్కువ ఆటతో ఎవరి విలువా తేలదు.

మొదట షూటింగ్

మామూలు షూటింగ్ శాతాన్ని పక్కన పెట్టండి. దూరం నుంచి వేసే త్రీ పాయింటర్‌కు మూడు పాయింట్లు వస్తాయన్న సంగతి దానికి పట్టదు, ఫౌల్‌కు దొరికే ఫ్రీ త్రోలను అసలే లెక్కించదు. ట్రూ షూటింగ్ శాతం వాడండి. పడినా పడకపోయినా వేసిన షాట్లన్నిటికీ, వేసిన ఫ్రీ త్రోలను 0.475తో హెచ్చించి కలపండి. ఆ మొత్తాన్ని రెట్టింపు చేసి, దానితో పాయింట్లను భాగించండి.

0.475 ఎందుకంటే, ఫౌల్‌కు సాధారణంగా రెండు ఫ్రీ త్రోలు వస్తాయి కాబట్టి ఒక్కో త్రో అర పొసెషన్. షాట్ పడ్డాక దొరికే అదనపు త్రో కొత్త పొసెషన్‌ను తినదు, అందుకే అరకు కాస్త తక్కువ. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ లెక్కల్లోని 0.44ను ఇక్కడికి తీసుకురాకండి. పురుషుల కళాశాల ఆటలో కొన్ని ఫౌల్‌లకు మొదటి త్రో పడితేనే రెండోది ఇచ్చే నిబంధన ఉంది. అక్కడ పడని ఒక్క త్రోతోనే పొసెషన్ ముగిసిపోవచ్చు.

2012 నవంబరులో గ్రినెల్ కళాశాల ఆటగాడు జాక్ టేలర్ ఒకే మ్యాచ్‌లో 138 పాయింట్లు చేశాడు. ప్రపంచమంతా నోరు వెళ్లబెట్టింది. ఆ రోజు అతను 108 షాట్లు, 10 ఫ్రీ త్రోలు వేశాడు. 10ని 0.475తో హెచ్చిస్తే 4.75, మొత్తం 112.75, రెట్టింపు 225.5. 138ని దానితో భాగిస్తే 61 శాతం. చాలా మంచి షూటింగే. కానీ అదే 61 శాతంతో ఓ మామూలు రాత్రి 10 షాట్లతో ముగించేవాళ్లు ఎందరో ఉంటారు, వాళ్ల పేరు ఎవరికీ తెలియదు. ఆ 138 వెనుక నైపుణ్యంతో పాటు 108 షాట్లు కూడా ఉన్నాయి.

అందరూ తప్పు చేసే చోటు: పొసెషన్లలో వాటా

ఇక్కడ తొందరపడవద్దు. కోర్టులో ఉన్నప్పుడు జట్టు పొసెషన్లలో ఎన్నింటిని ఈ ఆటగాడు తన షాట్‌తోనో, ఫ్రీ త్రోతోనో, టర్నోవర్‌తోనో (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం) ముగించాడన్నది ఈ వాటా. కోర్టులో ఐదుగురు ఉంటారు కాబట్టి సగటు 20 శాతం.

ఒక ఊహా ఉదాహరణ చూడండి. మన ఆటగాడు 30 నిమిషాల్లో 12 షాట్లు, 4 ఫ్రీ త్రోలు వేసి, 3 టర్నోవర్లు చేశాడు. 12కు 1.9 (4ను 0.475తో హెచ్చిస్తే వచ్చేది), 3 కలిపితే 16.9. జట్టు 40 నిమిషాల్లో 58 షాట్లు, 20 ఫ్రీ త్రోలు వేసి, 12 టర్నోవర్లు చేసింది. అంటే 58కి 9.5, 12 కలిపి 79.5. అతను ఆడింది 30 నిమిషాలే కాబట్టి ఇందులో నాలుగింట మూడు వంతులు, అంటే 59.6 తీసుకోవాలి. 16.9ని 59.6తో భాగిస్తే వాటా 28 శాతం.

మొదటి తప్పు, జట్టు మొత్తాన్ని నిమిషాలకు తగ్గట్టు కుదించకపోవడం. అప్పుడు వాటా 21 శాతానికి పడిపోయి, జట్టు భారం మోసేవాడు మామూలువాడిలా కనిపిస్తాడు.

రెండో తప్పు ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే చూడటానికి అది తెలివైన పనిలా ఉంటుంది. జట్టు ఎన్ని పొసెషన్లు ఆడిందో లెక్కించేటప్పుడు దాడిలో పట్టిన రీబౌండ్లను, అంటే తమవాళ్ల షాట్ పడకపోతే తామే తిరిగి పట్టిన బంతులను, తీసివేయాలి. అది సరైనదే. కానీ ఆటగాడి వాటా లెక్కలో తీసివేయకూడదు. మన ఉదాహరణలో జట్టు అలాంటి రీబౌండ్లు 10 పట్టిందనుకోండి. 79.5లోంచి వాటిని తీసేస్తే 28 శాతం కాస్తా 32 అవుతుంది. రీబౌండ్ తర్వాత వేసిన రెండో షాట్‌ను పైన లెక్కించి, కింద దానికి చోటు లేకుండా చేశామన్నమాట. నా మిత్రుడొకరు సీజన్ మొత్తం ఇలాగే లెక్కవేశారు. రీబౌండ్లు బాగా పట్టే జట్ల ఆటగాళ్లందరూ ఆయన పట్టికలో పైకి ఎగబాకారు. ఆ మూడు నెలల పనిని మేమిద్దరం కూర్చుని మొదటి నుంచి సరిచేశాం. సూత్రాన్ని స్ప్రెడ్‌షీట్‌లో పెట్టే ముందు ఒక్క మ్యాచ్‌నైనా కాగితం మీద చేతితో లెక్కవేయండి.

మూడో తప్పు, వాటా, ట్రూ షూటింగ్ అనే రెండు అంకెలను విడదీసి చదవడం. పై ఆటగాడు 15 పాయింట్లు చేస్తే అతని ట్రూ షూటింగ్ 54 శాతం. అదే జట్టులో రింగు కిందే నిలబడే సెంటర్ 6 షాట్లు, 2 ఫ్రీ త్రోలతో 10 పాయింట్లు చేస్తే 72 శాతం. ఒక టర్నోవర్ కలిపినా, అతనూ 30 నిమిషాలే ఆడాడనుకుంటే వాటా 13 శాతం దగ్గరే ఆగుతుంది. సెంటర్ గొప్పవాడని తేల్చేయకండి. ఇద్దరు రక్షకులను తన మీదికి లాక్కుని అతనికి బంతి అందించింది ఆ 54 శాతం వాడే కావచ్చు. షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే గడువు) ముగుస్తుండగా ఎవరో ఒకరు వేయక తప్పని షాట్లూ అతని ఖాతాలోకే వస్తాయి. వాటా, షూటింగ్ రెండూ ఒకేసారి ఎత్తున ఉండటం చాలా అరుదు. 2018-19లో డ్యూక్ విశ్వవిద్యాలయం తరఫున జయాన్ విలియమ్సన్ సగటును బాగా మించిన వాటాతో ఆడుతూనే తన షాట్లలో 68 శాతం బుట్టలో వేశాడు. మ్యాచ్‌కు 22.6 పాయింట్లు. విలువ అంటే అది.

ఇంత శ్రమ ఎందుకు, విశ్లేషకుడు జాన్ హోలింజర్ రూపొందించిన, ఆటగాడి గణాంకాలన్నిటినీ కలిపే పీఈఆర్ అనే ఒక్క అంకె చాలదా అంటారు. చాలదు. అన్నిటినీ కలిపి మరిగించిన కషాయంలో ఏ దినుసు ఎంత ఉందో నాలుకకు తెలియదు. పైగా ఎక్కువ షాట్లు వేసేవారిని అది ఉదారంగా చూస్తుంది.

మిగిలినవి

రీబౌండ్లను అంకెగా కాక, అందుబాటులో ఉన్నవాటిలో శాతంగా చూడండి. అసిస్టులను, అంటే సహచరుడి బుట్టకు దారితీసిన పాస్‌లను, టర్నోవర్లతో పోల్చండి. 100 త్రీ పాయింటర్లలో 35 బుట్టలో వేసినవాడికీ 40 వేసినవాడికీ తేడా ఐదు షాట్లే, దాని మీద కోటలు కట్టవద్దు. షూటింగ్ చేయి ఎలాంటిదో ఫ్రీ త్రోల శాతం కూడా చెబుతుంది.

కళాశాల ఆటలో అగ్రశ్రేణి అయిన డివిజన్ 1లో 350కి పైగా జట్లున్నాయి, వాటి మధ్య బలంలో తేడా చాలా ఎక్కువ. నవంబరు, డిసెంబరుల్లో పెద్ద జట్లు బలహీనమైనవాటితో ఆడి అంకెలు పెంచుకుంటాయి. అందుకే కాన్ఫరెన్స్ (జట్టు ఉన్న గ్రూపు) మ్యాచ్‌లను విడిగా మరోసారి లెక్కించండి. రెండు పట్టికల మధ్య ట్రూ షూటింగ్ ఐదు శాతానికి మించి పడిపోతే రెండోదాన్నే నమ్మండి.

రక్షణను మాత్రం బాక్స్ స్కోర్ సగమే పట్టుకుంటుంది. 2012 జాతీయ కళాశాల టోర్నమెంట్ ఫైనల్లో, కాన్సస్‌పై కెంటకీ ఆటగాడు ఆంథనీ డేవిస్ 10 షాట్లలో ఒక్కటే బుట్టలో వేసి, 6 పాయింట్లతో ముగించాడు. అయినా ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు జట్ల దశ) ఉత్తమ ఆటగాడు అతనే. 16 రీబౌండ్లు, 6 బ్లాకులు (అడ్డుకున్న షాట్లు), 5 అసిస్టులు, 3 స్టీళ్లు (లాక్కున్న బంతులు) కాగితం మీద ఉన్నాయి. అతన్ని చూసి కాన్సస్ ఆటగాళ్లు రింగు దగ్గరికి వచ్చి కూడా వేయకుండా వెనక్కి తిప్పిన బంతులు ఏ గడిలోనూ లేవు. కాబట్టి పట్టిక పూర్తయ్యాక ఆ ఆటగాడి మ్యాచ్‌లు రెండు పూర్తిగా చూడండి. బంతిని వదిలేసి అతన్ని మాత్రమే గమనిస్తూ, అతని ఎదుటివాడు షాట్ వేయకుండా బంతి వదులుకున్న ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయండి.