‘24 / 38’ అని పడితే మిగతా 14 పేజీలు ఏవండీ?

భీమవరంలో మాది డీటీపీ సెంటరు. రొయ్యల చెరువుల లోన్ల కోసం బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులు ఎక్కువగా చేస్తుంటాం. ఒక రిపోర్టు ఇలా ఉందనుకోండి: అట్ట పేజీ 1, విషయసూచిక 2, అసలు రిపోర్టు 24, వెనక 1బి, అడంగల్ లాంటి భూమి రికార్డుల స్కాన్ కాగితాలు 11. అన్నీ కలిపి 38. వర్డ్‌లో ‘పేజ్ ఎక్స్ ఆఫ్ వై’ నొక్కి, రిపోర్టు దగ్గర నంబరు 1 నుంచి మొదలుపెడితే, సంతకం ఉన్న పేజీలో ‘24 / 38’ అని పడుతుంది. ఫైలు చూసే ఆఫీసరు మొదట అడిగేది మిగతా 14 పేజీల సంగతే.

వర్డ్ తప్పేమీ లేదు. ఎడమ అంకె మీరు చెప్పినచోట 1 నుంచి మొదలవుతుంది. కుడి అంకె ‘నమ్‌పేజెస్’ అనే ఫీల్డు, అంటే వర్డే లెక్కేసి చూపించే అంకె. అట్ట మీద నంబరు కనిపించకపోయినా సరే, అది ఫైల్లోని పేజీలన్నీ లెక్కేస్తుంది. అందుకే ఫైలు తెచ్చినవాళ్లని ముందే అడిగేస్తాను: మొత్తం అంటే దేని మొత్తమండీ? ప్రతి కాగితం మీదా సంతకం పెట్టే టెండరు లాంటిదైతే 38 ఉండాల్సిందే. అప్పుడు ఎడమ నంబరును మధ్యలో మళ్లీ మొదలుపెట్టకండి. లోను రిపోర్టుకైతే నా లెక్కలో 24 చాలు.

ఆ 24 రావాలంటే రిపోర్టుకు ముందొకటి, తర్వాతొకటి సెక్షన్ బ్రేక్ పెట్టి ఫైలును ముక్కలు చేయాలి. లేఅవుట్‌లో బ్రేక్స్, అందులో నెక్స్ట్ పేజ్. సెక్షన్ బ్రేక్ కాలువ మీద లాకు లాంటిది, ఇటు మట్టం ఇటే, అటు మట్టం అటే. కాకపోతే రిపోర్టు ఫుటర్‌లోనూ (పేజీ అడుగున నంబరు పడేచోటు), స్కాన్ కాగితాల ఫుటర్‌లోనూ ‘లింక్ టు ప్రీవియస్’ తీసేయాలి. తీయకపోతే ఇక్కడ మార్చింది అక్కడా మారిపోతుంది. ఇప్పుడు రిపోర్టు ఫుటర్‌లో కుడి అంకెను చెరిపేసి, ఇన్సర్ట్, క్విక్ పార్ట్స్, ఫీల్డ్‌లోకి వెళ్లి, జాబితాలో ‘సెక్షన్‌పేజెస్’ ఎంచుకోండి. 24 వచ్చేస్తుంది.

అసలు చిక్కు చెరువుల ప్లాను దగ్గర వస్తుంది. అది అడ్డంగా, అంటే ల్యాండ్‌స్కేప్‌లో ఉండాలి. దానికోసం రిపోర్టు మధ్యలో ఇంకో రెండు బ్రేకులు పడతాయి. 15 పేజీలు, ప్లాను 1, మళ్లీ 8. సెక్షన్‌పేజెస్ ఏ ముక్క లెక్క ఆ ముక్కకే చెబుతుంది కాబట్టి చివరి పేజీలో ‘24 / 8’ అని పడుతుంది. ఇది 38 కన్నా అన్యాయం.

దీనికి నేను నమ్మే దారి బుక్‌మార్క్, అంటే ఫైల్లో ఒక చోట పెట్టుకునే గుర్తు. రిపోర్టు చివర ‘సంతకం’ అన్న మాటను సెలెక్ట్ చేసి, ఇన్సర్ట్‌లో బుక్‌మార్క్ నొక్కి ఒక పేరు ఇవ్వండి. పేరులో ఖాళీ ఉండకూడదు. తర్వాత ఫుటర్‌లో కుడి అంకె స్థానంలో అదే ఫీల్డ్ జాబితా తెరిచి, ‘పేజ్‌రెఫ్’ ఎంచుకుని, మీ బుక్‌మార్క్ పేరు చూపించండి. అది సంతకం ఏ పేజీలో ఉంటే ఆ పేజీ నంబరు చూపిస్తుంది. మధ్యలో ఎన్ని ముక్కలైనా 24 వస్తుంది. ప్లాను పేజీకీ, దాని తర్వాతి ముక్కకీ నంబరింగ్ ‘కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్’లో ఉండాలి, అంతే. సంతకం తర్వాత ఎవరైనా ఇంకో పేరా అతికిస్తే మాత్రం లెక్క తప్పుతుంది. అందుకే బుక్‌మార్క్ ఎప్పుడూ ఆఖరి మాట మీదే వేయండి.

లిబ్రే ఆఫీసులోనూ ఇదే పద్ధతి: బుక్‌మార్క్ వేసి, క్రాస్ రెఫరెన్స్‌లో దాని పేజీ నంబరు తీసుకోవడం. గూగుల్ డాక్స్‌లో ‘పేజ్ కౌంట్’ మొత్తం ఫైలుదే వస్తుంది. అక్కడైతే అట్టా, స్కాన్ కాగితాలూ వేరే ఫైల్లో పెట్టుకోవడం సులువు.

కొన్నిసార్లు అన్నీ సరిగ్గా పెట్టినా పాత అంకే కనిపిస్తుంది. ఫుటర్ మీద డబుల్ క్లిక్ చేసి, కంట్రోల్ ఎ కొట్టి, ఎఫ్9 నొక్కండి. ల్యాప్‌టాప్‌లో దాంతోపాటు ఎఫ్ఎన్ కూడా నొక్కాల్సి రావచ్చు. బయట పేజీలో కంట్రోల్ ఎ కొడితే ఫుటర్ అందులోకి రాదు, ఫుటర్ లోపలికి వెళ్లే నొక్కాలి.

టెన్షన్ ఎందుకని ‘24’ను చేత్తో టైపు చేసేవాళ్లున్నారు. తెలుగు ఫైళ్లకు అది మరీ ప్రమాదం. మీరు వాడిన ఫాంటు అవతలి కంప్యూటరులో లేకపోతే దాని బదులు వేరే ఫాంటు వస్తుంది, వరసల మధ్య ఎడం మారుతుంది, 24 కాస్తా 26 అవుతుంది. మన గోదావరి పాయ పేరున్న గౌతమి ఫాంటుకైతే వరసల మధ్య ఎడం బాగా ఎక్కువ. ఫీల్డు ఉంటే అంకె దానంతటదే, లేదంటే ఎఫ్9 నొక్కితే, సర్దుకుంటుంది. బ్యాంకుకు వర్డ్ ఫైలు కాకుండా పీడీఎఫ్ పంపండి. పంపేముందు సంతకం పేజీ తెరిచి రెండు అంకెలూ ఒకటేనా కాదా చూసుకోండి.