అమెరికా రాజకీయ వార్తలు చదవడం నేర్చుకుందాం – మూడో పాఠం: ఏ జాన్సన్?

మొదటి పాఠంలో ప్రతినిధుల సభకూ సెనేట్‌కూ తేడా చూశాం. రెండో పాఠంలో రాష్ట్రాల పొట్టి పేర్లు, నియోజకవర్గాల నంబర్లు చదవడం నేర్చుకున్నాం. అవి ఎంతవరకు వంటబట్టాయో ఈ పాఠంలో తేలిపోతుంది. ఎందుకంటే ఇవాళ్టి పని ఒకే ఇంటిపేరున్న నాయకుల్లో ఎవరెవరో గుర్తుపట్టడం.

సాధనకు జాన్సన్ అనే పేరు తీసుకుంటున్నాను. 2010 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో స్మిత్ తర్వాత ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే. ఈ పేరుతో ఇద్దరు అధ్యక్షులయ్యారు, ముగ్గురు ఉపాధ్యక్షులయ్యారు. 2023 అక్టోబరులో స్పీకర్ పదవి కూడా ఒక జాన్సన్‌కే దక్కింది. ఇక గవర్నర్లూ సెనేటర్లూ సరేసరి. ఇంటిపేరు కలిస్తే చుట్టాలేమో అనుకోవడం మనకు అలవాటు. ఇక్కడ ఆ ఆలోచన పక్కన పెట్టండి. ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళు, స్వీడన్, నార్వేల నుంచి వచ్చి పేరును ఇంగ్లీషు పద్ధతికి మార్చుకున్నవాళ్ళు, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి కుటుంబాలు, అందరిలోనూ జాన్సన్‌లున్నారు.

ఒక నోటుపుస్తకం తీసుకుని పేజీకి అడ్డంగా ఐదు గడులు గీయండి: సంవత్సరం, రాష్ట్రం, పదవి, మొదటి పేరు, పార్టీ. వార్తలోనో వ్యాసంలోనో జాన్సన్ అని కనబడినప్పుడల్లా ఈ వరుసలోనే నింపాలి. చాలామంది పార్టీతో మొదలుపెడతారు. నా ఉద్దేశంలో అన్నిటికంటే బలహీనమైన ఆధారం అదే. అందుకే దాన్ని చివర పెట్టాను. గ్యారీ జాన్సన్ 1995 నుంచి 2003 దాకా న్యూమెక్సికోకు రిపబ్లికన్ గవర్నర్. 2012లోనూ 2016లోనూ అధ్యక్ష పదవికి పోటీ చేసింది మాత్రం లిబర్టేరియన్ పార్టీ తరఫున. ఆండ్రూ జాన్సన్ డెమోక్రాట్. అయినా 1864లో రిపబ్లికన్ అయిన లింకన్ పక్కన నిలబడి ఉపాధ్యక్షుడయ్యాడు. పార్టీలు మారతాయి, పొత్తులు మారతాయి. సంవత్సరం మారదు.

వలస చట్టం: ముగ్గురు జాన్సన్‌లు

మొదటి అభ్యాసం మనకు బాగా దగ్గరి విషయం. అమెరికాలో భారతీయుల చరిత్ర చదువుతుంటే ఒకచోట "జాన్సన్ తలుపులు మూశారు" అనీ, ఇంకోచోట "జాన్సన్ తలుపులు తెరిచారు" అనీ అర్థం వచ్చేలా రాసి ఉంటుంది. రెండూ నిజమే. మనుషులు వేరు.

1924 నాటి చట్టాన్ని జాన్సన్–రీడ్ చట్టం అంటారు. ఇందులోని జాన్సన్ పేరు ఆల్బర్ట్. వాషింగ్టన్ రాష్ట్రం నుంచి 1913లో ప్రతినిధుల సభకు వచ్చిన రిపబ్లికన్, అంతకుముందు పత్రికా సంపాదకుడు. సభలో వలసల కమిటీకి అధ్యక్షత వహించాడు. 1890 జనాభా లెక్కల్లో ఒక్కో దేశంలో పుట్టినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసి, అందులో 2 శాతం మందినే ఏటా రానివ్వాలన్నది ఆ చట్టం. 1890 లెక్కలనే ఎందుకు ఎంచుకున్నారంటే, దక్షిణ, తూర్పు యూరప్‌ల నుంచి జనం పెద్ద ఎత్తున రావడం ఎక్కువగా ఆ తర్వాతే జరిగింది. పౌరసత్వానికి అర్హత లేని ఆసియావాళ్ళకైతే అసలు దారే లేదు. భారతీయులకు 1917 చట్టంతోనే తలుపులు మూసుకుపోయాయి, 1924 చట్టంతో ఆ గడియ ఇంకా బిగిసింది. 1946లో భారత్‌కు కోటా ఇచ్చారు, అదీ ఏడాదికి 100 మందికి!

ఆ కోటాల పద్ధతిని తీసేసిన చట్టం మీద 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ దగ్గర సంతకం చేసింది అధ్యక్షుడు లిండన్ జాన్సన్, టెక్సస్ మనిషి. 1960ల చివరి నుంచీ మన డాక్టర్లు, ఇంజనీర్లు అమెరికాలో స్థిరపడగలిగారంటే ఆ సంతకమే కారణం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ పెదనాన్నగారి కుటుంబ కథలో ఈ జాన్సన్ పాత్ర ఉండే అవకాశం చాలా ఎక్కువ.

మూడో ఆయన హైరమ్ జాన్సన్, కాలిఫోర్నియా. ఆయన గవర్నర్‌గా ఉండగా, 1913లో, పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదన్న చట్టం మీద సంతకం చేశాడు. ముందుగా దెబ్బ తిన్నది జపాన్ రైతులు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్‌సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చాక పంజాబీ రైతుల మీదా పడింది. హైరమ్ 1917లో సెనేట్‌కు వెళ్ళి 1945లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. అంటే 1924లో వాషింగ్టన్ నగరంలో ప్రతినిధుల సభలో ఆల్బర్ట్ జాన్సన్, సెనేట్‌లో హైరమ్ జాన్సన్, ఇద్దరూ రిపబ్లికన్లే, ఇద్దరూ పడమటి తీరం వాళ్ళే. పార్టీని చూసి వీళ్ళలో ఎవరో తేల్చలేం. రాష్ట్రం, సభ చూడాల్సిందే. ఇంకొక చిక్కుంది: 1934 నాటి "జాన్సన్ చట్టం" అని కనబడితే అది వలసల గురించి కాదు. అమెరికాకు బాకీ ఎగ్గొట్టిన దేశాలకు మళ్ళీ అప్పులు ఇవ్వకూడదన్న చట్టం అది, హైరమ్‌ది. చట్టం పేరు పక్కన సంవత్సరం లేకపోతే ముందు దాన్ని వెతికి రాసుకోండి, తర్వాతే మిగతా గడులు.

ఇద్దరు అధ్యక్షులు

వీళ్ళిద్దరినీ కలగలిపేయడం చాలా సులువు. ఆండ్రూ 1808లో, లిండన్ 1908లో పుట్టారు. ఇద్దరూ దక్షిణాది డెమోక్రాట్లు, ఇద్దరూ ఉపాధ్యక్షులుగా ఉండగా అధ్యక్షుడు హత్యకు గురైతే పదవిలోకి వచ్చారు: 1865లో లింకన్, 1963లో కెనెడీ. పౌర హక్కుల చట్టం అన్న మాట ఇద్దరి కథల్లోనూ వస్తుంది. కానీ 1866లో బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళకు పౌరసత్వం, సమాన హక్కులు ఇచ్చే బిల్లును ఆండ్రూ వీటో చేశాడు. కాంగ్రెస్ (ప్రతినిధుల సభ, సెనేట్ కలిపి) ఆ వీటోను కాదని బిల్లును చట్టం చేసింది. లిండన్ 1964 జులై 2న తన కాలపు పౌర హక్కుల చట్టం మీద స్వయంగా సంతకం చేశాడు, మరుసటి ఏడాది ఓటు హక్కు చట్టం తెచ్చాడు. వందేళ్ళ తేడాలో ఒకే ఇంటిపేరు ఒకే సమస్యకు రెండు వైపులా నిలబడింది. ఏడాది చూసుకోకుండా "జాన్సన్ పౌర హక్కులను అడ్డుకున్నారు" అని రాసేస్తే లిండన్‌కు ఎంత అన్యాయం చేసినట్టో చూడండి.

అభిశంసన కూడా ఆండ్రూదే. 1868లో సెనేట్‌లో 35 మంది దోషి అన్నారు, 19 మంది కాదన్నారు. 36 కావాలి, ఒక్క ఓటుతో బయటపడ్డాడు. 1875లో ఆయనే టెనెసీ నుంచి సెనేటర్‌గా తిరిగొచ్చాడు. మాజీ అధ్యక్షుల్లో అలా సెనేట్‌కు వెళ్ళింది ఆయనొక్కడే. కాబట్టి పదవి గడి నింపేటప్పుడు ఆ ఏడాది ఆ మనిషి ఏ పదవిలో ఉన్నాడో అదే రాయాలి, పెద్ద పదవిని కాదు. లిండన్‌దీ అంతే: 1937 నుంచి ప్రతినిధి, 1949 నుంచి సెనేటర్, 1961లో ఉపాధ్యక్షుడు, 1963లో అధ్యక్షుడు. పన్ను మినహాయింపున్న ధార్మిక సంస్థలు ఎన్నికల్లో ఏ అభ్యర్థినీ సమర్థించకూడదన్న నిబంధనను "జాన్సన్ సవరణ" అంటారు. అమెరికాలోని మన గుళ్ళకూ అది వర్తిస్తుంది. అది 1954 నాటిది, సెనేటర్ లిండన్ జాన్సన్ పెట్టినది. స్పీకర్ మైక్ జాన్సన్‌తో దానికి సంబంధం లేదు.

ఆండ్రూ జాక్సన్ అని ఇంకో అధ్యక్షుడు ఉన్నాడు, 1829–37. ఆయనదీ టెనెసీయే. తెలుగులో వేగంగా చదివితే కన్ను మోసపోతుంది, ఒక్కో అక్షరం చూసి చదవండి.

పేరు మొత్తం ఒకటే అయితే

2001 నుంచి 2013 దాకా కాంగ్రెస్‌లో ఇద్దరు టిమ్ జాన్సన్‌లు ఉన్నారు. ఒకరు సౌత్ డకోటా డెమోక్రాట్ సెనేటర్, ఇంకొకరు ఇల్లినాయ్ రిపబ్లికన్ ప్రతినిధి. ఈ తేడా ఎంత ముఖ్యమో 2006 డిసెంబరులో దేశమంతటికీ తెలిసొచ్చింది. అప్పుడే జరిగిన ఎన్నికల్లో సెనేట్ డెమోక్రాట్ల వైపు 51–49తో మొగ్గింది. కొత్త సభ ఇంకా కొలువుదీరకముందే సెనేటర్ టిమ్ జాన్సన్ మెదడులో రక్తస్రావమై ఆసుపత్రిలో చేరాడు. ఆయన సీటు ఖాళీ అయితే సౌత్ డకోటాలో ఉన్న రిపబ్లికన్ గవర్నర్ తన పార్టీ మనిషిని నియమించవచ్చు. అప్పుడు 50–50, నిర్ణాయక ఓటు రిపబ్లికన్ ఉపాధ్యక్షుడు డిక్ చేనీది. మొత్తం సెనేట్ ఎవరి చేతిలో ఉంటుందన్నది ఒక్క మనిషి ఆరోగ్యం మీద ఆధారపడింది. ఆయన కోలుకుని 2007 సెప్టెంబరులో మళ్ళీ సభకు వచ్చాడు. "టిమ్ జాన్సన్ ఆసుపత్రిలో" అన్న శీర్షిక ఒక్కటే చదివి ఆయన ఇల్లినాయ్ మనిషి అనుకున్నవాడికి ఆ టెన్షన్ అంతా ఎందుకో అర్థం కాదు.

ఇంకా గట్టి ముడి ఒకటుంది. 1937 నుంచి 1946 దాకా టెక్సస్ నుంచి ప్రతినిధుల సభలో లిండన్ బి. జాన్సన్, లూథర్ ఎ. జాన్సన్ ఇద్దరూ ఉన్నారు. సంవత్సరం ఒకటే, రాష్ట్రం ఒకటే, సభ ఒకటే, పార్టీ ఒకటే, మొదటి అక్షరం కూడా ఒకటే. ఇక్కడ తేల్చేది నియోజకవర్గం: లిండన్‌ది 10వది, లూథర్‌ది 6వది. నియోజకవర్గం లేకపోతే పేరులో మధ్య అక్షరమే దిక్కు. అందుకే అమెరికన్లు ఆ మధ్య అక్షరాన్ని అంత శ్రద్ధగా రాస్తారు, మీరూ నోటుపుస్తకంలోకి ఎక్కించేటప్పుడు దాన్ని వదిలేయకండి.

డాలస్ చుట్టుపక్కల

2019 నుంచి 2022 దాకా ప్రతినిధుల సభలో ఒకేసారి ఐదుగురు జాన్సన్‌లు ఉన్నారు: లూసియానా నుంచి మైక్, జార్జియా నుంచి హ్యాంక్, ఒహాయో నుంచి బిల్, సౌత్ డకోటా నుంచి డస్టీ, టెక్సస్ నుంచి ఎడ్డీ బెర్నీస్. మైక్, హ్యాంక్ ఇద్దరిదీ నాలుగో నియోజకవర్గమే, కాబట్టి నంబరు ఒక్కటే చూస్తే చాలదు, రాష్ట్రంతో కలిపి చదవాలి.

ఎడ్డీ అన్న పేరు చూసి "ఆయన" అని రాయకండి. ఆమె నర్సుగా పనిచేసి రాజకీయాల్లోకి వచ్చింది. 1993 నుంచి 2023 దాకా డాలస్‌లోని 30వ నియోజకవర్గానికి ప్రతినిధి, సభలో సైన్స్ కమిటీకి అధ్యక్షురాలు కూడా. ఆమె కాలంలోనే, 2019 జనవరి దాకా, పక్కనే ప్లేనో వైపున్న 3వ నియోజకవర్గానికి శామ్ జాన్సన్ ప్రతినిధి. ఆయన వాయుసేన పైలట్, వియత్నాంలో దాదాపు ఏడేళ్ళు యుద్ధఖైదీగా ఉన్నాడు. ఆమె డెమోక్రాట్, ఆయన రిపబ్లికన్. ప్లేనో, ఫ్రిస్కోలలో మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉంటాయి కదా, అక్కడివాళ్ళతో మాట్లాడేటప్పుడు "మీ ప్రతినిధి జాన్సన్" అంటే ఏ ఊళ్ళో, ఏ ఏడాదిలో అన్నది తెలియాల్సిందే. 2025 జనవరి నుంచి డాలస్ ప్రాంతంలోని 32వ నియోజకవర్గానికి జూలీ జాన్సన్ వచ్చింది, అదీ చేర్చుకోండి.

తేలకపోతే ఎక్కడ చూడాలి

అమెరికా కాంగ్రెస్ తన సభ్యులందరి జీవిత వివరాల సూచిక నడుపుతుంది, మొదటి కాంగ్రెస్ నుంచి ఇప్పటిదాకా. ప్రతి సభ్యుడికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది: ఇంటిపేరు మొదటి అక్షరం, దాని వెనక ఆరు అంకెలు. మైక్ జాన్సన్‌ది జె000299, హ్యాంక్ జాన్సన్‌ది జె000288. సభ మారినా, పార్టీ మారినా ఈ సంఖ్య మారదు. నోటుపుస్తకంలో ఆరో గడి గీసి దీన్నీ రాసుకుంటే, పార్టీ గడి ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు.

ఈ వారం అభ్యాసం

కింది వాక్యాల్లో ఉన్నది ఎవరో ఐదు గడులూ నింపి తేల్చండి. కొన్ని పేర్లు పాఠంలో లేవు, సూచికలో వెతకాలి.

1837లో సెనేట్ ఓటుతో ఉపాధ్యక్షుడైన జాన్సన్. 1912లో థియొడోర్ రూజ్వెల్ట్ పక్కన ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన జాన్సన్. 1995లో సౌత్ డకోటా ప్రతినిధి జాన్సన్, 2021లో అదే సౌత్ డకోటా ప్రతినిధి జాన్సన్. 2013లో సెనేట్‌లో విస్కాన్సిన్ జాన్సన్. 1940లో టెక్సస్ డెమోక్రాట్ ప్రతినిధి జాన్సన్.

ఆఖరిదానికి "ఈ ఆధారాలతో తేల్చలేం, నియోజకవర్గం కావాలి" అని రాస్తే పూర్తి మార్కులు. ఊహించి ఒక పేరు రాస్తే, అది సరైనదైనా సగమే. జవాబులు నాలుగో పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో ఇంటిపేరుతో పాటు రక్తసంబంధం కూడా ఉన్నవాళ్ళను చూద్దాం: తండ్రీకొడుకులిద్దరూ అధ్యక్షులైన ఆడమ్స్‌లు, బుష్‌లు.